9 నెలల చుక్కకు అజిలిటీ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

తోటపాలెం_చుక్క (విజయనగరం)
ఆగస్టు 10

అందరికీ నమస్కారం. మా ఇంట్లో చుక్క అనే 9 నెలల ఆడకుక్క ఉంది. నిరుడు కార్తీకంలో మా వీధి చివర ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోయించిన ఇసుక కుప్ప మీద పుట్టిన నాలుగు పిల్లల్లో ఇది ఒకటి. తల్లి ఊరకుక్క. ఒళ్లంతా గోధుమ రంగు, నుదుటి మీద మాత్రం రూపాయి బిళ్లంత తెల్లని మచ్చ ఉండటంతో ఆ పేరు పెట్టాము. బరువు 13 కిలోలు. తెల్లవారకముందే అయోధ్యా మైదానం దాకా తీసుకువెళ్లి గంటసేపు తిప్పి తెచ్చినా, ఇంటికి వచ్చిన పావుగంటకల్లా పెరటి గోడ ఎక్కి పక్కింటి జామచెట్టు కింద కనిపిస్తుంది. కట్టేస్తే తాడు కొరుకుతుంది, వదిలేస్తే ఆరేసిన బట్టలు లాగుతుంది.

ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి విదేశాలలో జరిగే అజిలిటీ పోటీల (యజమాని సైగలను బట్టి కుక్క వరుసగా అడ్డంకులు దాటే ఆట) వీడియోలు చూసి, మన చుక్క కూడా ఇవన్నీ చేయగలదని పట్టుబట్టాడు. నాకూ ఉత్సాహం కలిగి, పెరట్లో రెండు పక్కలా ఇటుకలు పేర్చి, ఇటుకల సందులో పీవీసీ పైపు దోపి దూకించడం మొదలుపెట్టాము. మొదటి రోజు అడుగు ఎత్తు. నాలుగో రోజుకు రెండున్నర అడుగులు చేశాము. అది సంతోషంగానే దూకింది. అయిదో రోజు వెనక కాలు పైపుకు తగిలి, పైపు కదలకపోవడంతో, ఇటుకలతో సహా కింద పడింది. రెండు రోజులు కుంటి, మూడో రోజుకు మామూలుగా నడిచింది. కాని ఇప్పుడు ఆ పైపు చేతిలోకి తీసుకుంటే చాలు, తోక ముడుచుకుని నీళ్ల తొట్టి వెనక్కి వెళ్లిపోతోంది.

తొందరపడి తప్పు చేశామని తెలిసింది. దీనికి ఈ ఆట మీద మళ్లీ ఇష్టం కలిగించడం ఎలాగో, ఈ వయసులో ఏవి చేయించవచ్చో, ఏవి చేయించకూడదో అనుభవం ఉన్నవారు చెప్పండి. మాకు దగ్గరలో అజిలిటీ నేర్పేవారు ఎవరూ కనబడలేదు. మా పెరడు, ఊరి బయట మా అన్నయ్య వాళ్ల మామిడితోట, ఈ రెండు చోట్లే మాకు దిక్కు.


పశువైద్యుడు_గరివిడి
ఆగస్టు 10

అమ్మా, కుంటడం తగ్గింది కాబట్టి లోపల దెబ్బ లేదని అనుకోవద్దు. హుషారైన కుక్క ఆట కనబడితే నొప్పిని పక్కన పెట్టేస్తుంది. మీకు దగ్గరలో ఉన్న పశువైద్యుని దగ్గరికి ఒకసారి తీసుకువెళ్లి తుంటి, మోకాలిచిప్ప, మడమ తడిమి చూపించండి. ఆయన అవసరమంటే ఎక్స్‌రే తీయించండి. అంతవరకు దూకుడు పని పూర్తిగా ఆపేయండి.

నేను ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, పెరిగే వయసులో కాళ్ల ఎముకల చివర్లలో ఇంకా ఎముకగా గట్టిపడని మెత్తని పొర ఒకటి ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది ఆ పొర దగ్గరే. చుట్టూ కీళ్లను కలిపి ఉంచే బంధనాల పట్టు కంటే ఆ పొరే బలహీనం కాబట్టి, పెద్దకుక్కకు బెణుకుతో పోయే దెబ్బ, పిల్లకు ఆ పొరలో విరుపుగా దిగవచ్చు. అప్పుడు ఒక పక్క పెరుగుదల ఆగిపోయి, రెండో పక్క పెరుగుతూ పోయి, కాలు వంకర తిరుగుతుంది. చిన్న జాతులలో ఈ పొరలు 9 నుంచి 12 నెలల మధ్య మూసుకుంటాయి, పెద్ద జాతులలో 18 నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. చుక్క మధ్యరకం కుక్క కాబట్టి ఏడాది నిండి, మరికొన్ని నెలలు గడిచేవరకు ఓపిక పట్టండి. అంతర్జాతీయ శునక సమాఖ్య అయిన ఎఫ్‌సీఐ వారు 18 నెలలు నిండని కుక్కను అజిలిటీ పోటీలోకి రానివ్వరు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ వారి నియమం 15 నెలలు.

ఈ లోపు బారు, అంటే దూకించే అడ్డపైపు, నేల మీద గాని, ముందరి కాలి మణికట్టు ఎత్తులో గాని ఉండాలి, అంతకు మించకూడదు. వీవ్ కర్రల మధ్య వేగంగా మెలికలు తిరగడం, ఏటవాలు బల్ల మీది నుంచి ఉరికి దిగడం కూడా ఇప్పుడే వద్దు. దూకడం కంటే దిగడంలోనే భుజాల మీద, ముందరి కాళ్ల మీద భారం పడుతుంది. పెరటి గోడ సంగతి కూడా చూడండి; రోజుకు పదిసార్లు ఆ గోడ దూకే కుక్కకు మనం బారు తగ్గించి ప్రయోజనం లేదు.


ఆమదాలవలస_హ్యాండ్లర్
ఆగస్టు 11

అమ్మా, నేను పోలీసు శాఖలో కుక్కల హ్యాండ్లరుగా, అంటే కుక్కకు శిక్షణ ఇచ్చి నడిపించేవాడిగా, చాలాకాలం పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. అజిలిటీ ఆట మా శాఖలోని అడ్డంకుల శిక్షణకు దగ్గరగా కనిపించినా, పని తీరులో తేడా ఉంది. ఆ తేడా తెలిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో మీకే తెలుస్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

1978లో లండన్‌లో జరిగిన క్రఫ్ట్స్ శునక ప్రదర్శనలో, ప్రధాన కార్యక్రమాల మధ్య విరామంలో జనానికి వినోదంగా ఉంటుందని, గుర్రాల దూకుడు పోటీల నమూనాలో కుక్కల చేత అడ్డంకులు దాటించారు. అది చూసినవారికి ఎంతగా నచ్చిందంటే, రెండేళ్లకే, 1980లో, అక్కడి కెన్నెల్ క్లబ్ దాన్ని ఆటగా గుర్తించింది. పోటీలో బారు పడితే 5 తప్పులు, అడ్డంకి ముందు ఆగిపోయినా పక్కకు తప్పుకున్నా 5 తప్పులు, బల్ల చివర వేరే రంగు వేసిన భాగంలో కాలు పెట్టకుండా దూకేసినా 5 తప్పులు వేస్తారు. ఎఫ్‌సీఐ పోటీలలో హ్యాండ్లరు చేతిలో తాయిలం ఉండకూడదు, కుక్కను తాకకూడదు. ఏ అడ్డంకి తరువాత ఏది దాటాలో ఆ రోజు అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. అంటే కుక్క ఆధారపడేది మీ భుజం ఎటు తిరిగింది, మీ పాదం ఎటు చూపుతోంది, మీ గొంతు ఏమంటోంది అనేదాని మీదనే.

అందువల్ల గోడ ఎక్కే కుక్కకు ముందు దూకడం నేర్పనక్కరలేదు. మీతో కలిసి పరుగెత్తడం నేర్పాలి. మా శాఖలో కుక్క ఎప్పుడూ హ్యాండ్లరుకు ఎడమ పక్కనే నడుస్తుంది. అజిలిటీలో రెండు పక్కలా నడవాలి, పరుగు మధ్యలో ఈ పక్క నుంచి ఆ పక్కకు మారాలి. మొదటి వారం ఇదొక్కటే చేయించండి. చుక్కను ఎడమ పక్కన పెట్టుకుని నాలుగు అడుగులు వేసి, ఎడమ చేత్తో మీ తొడ పక్కనే తాయిలం అందించండి. తరువాత కుడి పక్కన, కుడి చేత్తో. చేయి ముందుకు చాచి ఇస్తే అది మీ ముందుకు వచ్చి దారికి అడ్డం పడటం నేర్చుకుంటుంది.

రెండోది చెట్టు చుట్టూ తిరిగి రావడం. మీ మామిడితోటలో సన్నని మొక్క ఒకటి చూసుకుని, దాని పక్కన నిలబడి, చేత్తో దారి చూపించి, చుట్టూ తిరిగి వచ్చిన వెంటనే మెచ్చుకోండి. కుడి నుంచి ఎన్నిసార్లో ఎడమ నుంచి అన్నిసార్లు తిప్పండి. రోజులు గడిచేకొద్దీ మీరు ఒక్కొక్క అడుగు దూరం జరగండి. రేపు బారు పక్కన నిలువు కర్ర చుట్టి మలుపు తిరగవలసింది ఇలాగే.

మూడోది ఆగడం. "ఆగు" అన్నాక మీరు "పద" అనేవరకు కదలకూడదు. ముందు ఒక్క క్షణం, తరువాత రెండు, ఆపైన మీరు రెండు అడుగులు వెనక్కి వెళ్లినా కదలకుండా ఉండటం. హుషారు కుక్కకు ఇది అన్నిటికంటే కష్టం. మీరు కూడా "పద" అని పలికేముందు భుజం కదపకుండా ఉండటం అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే అది మీ మాట కంటే మీ భుజాన్నే ముందుగా చదువుతుంది.

ఒక్కో పాఠం 3 నుంచి 5 నిమిషాలు, రోజుకు రెండుసార్లు చాలు. ఇంకా చేయాలని అది ఎగురుతున్నప్పుడే ఆపి, నాలుగు తాయిలం ముక్కలు గడ్డిలో చల్లి వెతుక్కోనివ్వండి. వాసన చూసుకుంటూ వెతకడంలో కుక్క మనసు కుదుటపడుతుంది. గంటసేపు మైదానం చుట్టూ తిప్పినా తగ్గని ఆవేశం దీనితో తగ్గడం మీరే గమనిస్తారు.


నెల్లిమర్ల_బ్రూనో
ఆగస్టు 12

పెద్దలు చెప్పినవన్నీ బాగానే ఉన్నాయి గాని, ఇన్నాళ్లు ఆగితే పైపు భయం ముదిరిపోతుందని నా అభిప్రాయం. మా లాబ్రడార్ బ్రూనో చిన్నప్పుడు బల్ల ఎక్కనంటే, గొలుసు పట్టుకుని నాలుగుసార్లు లాగి ఎక్కించాను, ఎక్కింది. భయాన్ని మొదట్లోనే విరిచేయడం మంచిది.


ఆమదాలవలస_హ్యాండ్లర్
ఆగస్టు 12

అయ్యా, ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో నేనూ అలాగే చేశాను కాబట్టి దాచకుండా చెబుతున్నాను. ఒక అల్సేషియన్ ఏటవాలు నిచ్చెన ఎక్కకపోతే పట్టీ బిగించి లాగి ఎక్కించాను. పైమెట్టు దగ్గర అది నాలుగు కాళ్లూ బిగదీసుకుని, కళ్లు పెద్దవి చేసి, ఒంట్లోంచి వణుకు వచ్చేలా నిలబడిపోయింది. ఎత్తుకుని దించాను. ఆ తరువాత నిచ్చెన మీద భయంతో పాటు, నా చేయి పట్టీ వైపు వెళ్లినా తల పక్కకు తిప్పుకోవడం మొదలుపెట్టింది. నిచ్చెన భయం పోవడానికి రెండు నెలలు పట్టింది. నా చేయి మీద నమ్మకం తిరిగి రావడానికి అంతకంటే చాలా ఎక్కువ పట్టింది. లాగితే కుక్క ఎక్కుతుంది, కాని ఎక్కడం నేర్చుకోదు. పైగా ఊరకుక్కల సంతతికి కొత్త వస్తువు విషయంలో పెంపుడు జాతుల కంటే జాగ్రత్త ఎక్కువగా ఉంటుంది. వీధిలో బతకడానికి అదే వాటికి ఆధారం. చుక్కను ఎవరూ లాగవద్దు.


జీడితోట_పలాస
ఆగస్టు 14

అక్కా, నేను మా తోటలో మా రెండు కుక్కల కోసం సామాను స్వయంగా తయారు చేసుకున్నాను. ఖర్చు పెద్దగా కాలేదు.

ముందుగా ఆ ఇటుకలు తీసేయండి. బారు అన్నది కుక్క కాలు తగిలితే ఎటు తగిలినా పడిపోవాలి, ఇది మిగిలిన అన్నిటికంటే ముఖ్యం. ముప్పావు అంగుళం పీవీసీ పైపుతో రెండు నిలువు కాళ్లు చేసి, పైపును బిగించకుండా, చిన్న కొక్కెం మీద ఊరికే ఆనించండి. పైపు తెల్లగా ఉంటే నేల మీద కనబడదు; ఎర్ర గుడ్డ పట్టీలు చుట్టే కంటే నీలం, పసుపు రంగుల టేపు చుట్టడం మేలు, ఎందుకంటే కుక్క కంటికి ఎరుపు, ఆకుపచ్చ దాదాపు ఒకేలా కనిపిస్తాయి, నీలం, పసుపు మాత్రం బాగా తెలుస్తాయి.

సొరంగం కొనాలంటే పిల్లలు ఆడుకునే గుడ్డ సొరంగం చుక్క లాంటి మధ్యరకం కుక్కకు మొదట్లో సరిపోతుంది. పోటీలో వాడేది 60 సెంటీమీటర్ల వ్యాసంతో ఉంటుంది. అది దొర్లిపోకుండా రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టండి. నూతి ఒరలు, సిమెంటు తూములు వాడవద్దు, పరుగులో తల తగిలితే ప్రమాదం. ఇంకొక మాట మరచిపోకండి: రాత్రి సొరంగాన్ని బయట వదలకండి. మా తోటలో ఒకసారి తెల్లవారి ఎత్తి దులిపితే కట్లపాము పడింది. అప్పటి నుంచి వాడగానే మడిచి గోడకు వేలాడదీస్తున్నాను.

బల్లకు 30 సెంటీమీటర్ల వెడల్పు పలక తీసుకుని, జారకుండా గోనెసంచి పరిచి, అంచుల కింది వైపు మేకులు కొట్టండి. పై వైపు మేకు తల ఒక్కటి కూడా కనబడకూడదు. రంగు పూసి వదిలేస్తే వాన తడికి నాచులా జారుతుంది.

చివరగా మాటల సంగతి. నేను మొదట్లో దూకడానికి "దూకు" అని, సొరంగానికి "దూరు" అని పెట్టుకున్నాను. నిలబడి చెప్పినప్పుడు రెండూ తెలిసేవి గాని, పరుగులో మా మగకుక్క సొరంగం వదిలి బారు మీదికి పోయేది. పరుగులో అది వినేది మొదటి అక్షరమే, రెండింటికీ అది "దూ" అయిపోయింది. "ఎగురు", "ఎక్కు" అనుకుందామంటే మళ్లీ అదే చిక్కు. చివరికి దూకడానికి "హప్", సొరంగానికి "దూరు", బల్లకు "ఎక్కు", తాకడానికి "ముట్టు" అని స్థిరపడ్డాను. మొదటి చప్పుడు దేనికది వేరుగా ఉండేటట్టు చూసుకోండి. ఇంట్లో అందరూ అవే మాటలు వాడాలి.


తోటపాలెం_చుక్క
సెప్టెంబరు 2

అందరికీ కృతజ్ఞతలు. డాక్టరు గారు తడిమి చూసి, ఎముకకు ఏమీ కాలేదని, కండరం మాత్రం బెసికిందని చెప్పారు. పెరటి గోడ మీద మా వారు వెదురు దడి కట్టించారు. పైపును అటక మీద పెట్టేశాము.

మూడు వారాలుగా ఆమదాలవలస హ్యాండ్లరు మాస్టారు చెప్పిన నడక, చెట్టు చుట్టూ తిరగడం, ఆగడం చేయిస్తున్నాము. తాయిలంగా ఉప్పూ కారమూ వేయకుండా ఉడికించిన కోడిమాంసం, కోడిగుడ్డు తెల్లసొన చిక్కుడుగింజంత ముక్కలుగా కోసి ఇస్తున్నాము. ఆ మేరకు రాత్రి చోడి అంబలి, అన్నం తగ్గించాము. సరిగ్గా చేసిన క్షణంలోనే మెచ్చుకోవాలని ఎక్కడో చదివి, "భేష్" అనే మాటను గుర్తుగా పెట్టుకున్నాను. మా అబ్బాయి బాల్‌పెన్ను నొక్కి టక్కుమనిపిస్తాడు. వాడి టక్కు నా మాట కంటే వేగంగా అందుతోంది.

నాకు బాగా నచ్చినది పీట పాఠం. వెనక కాళ్ల మీద ధ్యాస రావాలంటే ముందరి కాళ్లు ఎత్తుగా ఏదైనా వస్తువు మీద పెట్టించి, వెనక కాళ్లతో చుట్టూ తిప్పాలని మాస్టారు ఫోనులో చెప్పారు. మా పెళ్లి పీట బయటికి తీశాను. నాలుగు అంగుళాల ఎత్తు, మూలల్లో పసుపు ఇంకా కనిపిస్తూనే ఉంది. చుక్క ముందు దాని చుట్టూ తిరిగి, పసుపు ఉన్న మూల వాసన చూసి, నాకింది. నేను కదలలేదు. ఎడమ కాలు పెట్టింది, వెంటనే తీసేసింది. "భేష్" అని ముక్క ఇచ్చాను. మళ్లీ పెట్టింది. ఈసారి తీయకుండా నా ముఖం వైపు చూసింది. మూడో రోజుకు రెండు కాళ్లూ పెట్టి నిలబడింది. ఏడో రోజు నేను పీట చుట్టూ పక్కకు అడుగు వేస్తే, వెనక కుడికాలు ఒకటి పైకి లేచి, ఎక్కడ పెట్టాలో తెలియక గాలిలో ఆగి, ఒక జానెడు పక్కన మెల్లగా దిగింది. ఆ తరువాత రెండోది. ఇప్పుడు పూర్తి చుట్టు తిరుగుతోంది. వెదురు నిచ్చెనను నేల మీద పరిచి మెట్ల మధ్య నుంచి నడిపిస్తే మొదట్లో వెనక కాళ్లు ప్రతి మెట్టుకూ తగిలేవి, ఇప్పుడు తగలడం లేదు.

ఇంకా ఒక్క అడ్డంకి కూడా దాటలేదు గాని, ఇంట్లో బట్టలు లాగడం మాత్రం దాదాపు ఆగిపోయింది.


కళింగపట్నం_ఒడ్డు
సెప్టెంబరు 3

మాది సముద్రం ఒడ్డు. మా 7 నెలల కుక్కకు ఇసుకలో దూకుడు నేర్పితే దెబ్బ తగలదు కదా అని అనుకుంటున్నాను. సరైనదేనా? డాక్టర్ గారు చెప్పగలరు.


పశువైద్యుడు_గరివిడి
సెప్టెంబరు 4

పొడి ఇసుకలో కాలు లోపలికి దిగబడిపోతుంది, దాన్ని పైకి లాగడానికి కండరాలు, కీళ్ల బంధనాలు ఎక్కువ కష్టపడతాయి. అందులో వేగం, మలుపు కలిస్తే కాలు బెణకవచ్చు. అల తాకి వెళ్లిన చోట గట్టిపడిన తడి ఇసుక నెమ్మది నడకకు, చిన్న పరుగుకు బాగుంటుంది. మేడ మీది సిమెంటు గచ్చు, ఇంట్లోని గ్రానైటు, టైల్సు అజిలిటీకి అస్సలు పనికిరావు. పొట్టి గడ్డి ఉన్న మెత్తని నేల అన్నిటికంటే మేలు. పంట కోసిన వరి మడిలో దుబ్బులు పాదాలను గాయపరుస్తాయి, పల్లేరుకాయలు వేళ్ల మధ్య దిగిపోతాయి. ఆటకు ముందు నేల మీద మీరు ఒకసారి చెప్పులు లేకుండా నడిచి చూడండి.

సముద్రతీరంలో ఉన్న మనకు ఉక్క పెద్ద శత్రువు. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు; నోరు తెరిచి వగర్చి, నాలుక మీది తడి ఆవిరైతేనే లోపలి వేడి తగ్గుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ ఆవిరి కావడమే నెమ్మదిస్తుంది, అందువల్ల ఎండ లేని మబ్బు రోజున కూడా వడదెబ్బ తగలవచ్చు. కుక్క మామూలు ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. నాలుక వెడల్పుగా సాగి, చిగుళ్లు ముదురు ఎరుపెక్కి, చొల్లు చిక్కబడి, అడుగు తడబడితే ఆ క్షణంలోనే ఆట ఆపి, నీడలోకి తెచ్చి, ఒళ్లంతా మామూలు చల్లని నీళ్లు పోస్తూ, విసురుతూ, ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లండి. ఉదయం ఆరున్నర దాటాక, సాయంత్రం ఆరు కాకముందు పాఠం పెట్టవద్దు. కడుపు నిండా తిన్నాక కనీసం రెండు గంటలు పరుగెత్తించకూడదు.

తోటల్లో తిరిగే కుక్కలకు గోమార్లు పడతాయి. వాటివల్ల వచ్చే జ్వరాల్లో మొదటి లక్షణం చాలాసార్లు నీరసమే. నిన్నటిదాకా ఎగిరిన కుక్క ఈరోజు ఆడనంటే మొండితనమని అనుకోకుండా, చెవుల లోపల, వేళ్ల మధ్య వెతికి, ఒంటి వేడి చూడండి.


తోటపాలెం_చుక్క
నవంబరు 3

రెండు నెలలుగా రాయలేకపోయాను. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి బంధువులు రావడం, ఇంటి నిండా జనం, ఆ వెంటనే దీపావళి మందుగుండు, వీటితో చుక్క చాలా బెదిరిపోయింది. రెండు రోజులు మంచం కింది నుంచి రాలేదు. ఆ తరువాత బల్ల మీద పాఠం మొదలుపెడితే, పలక కింద చిన్న రాయి ఉండి కాస్త కదిలి టక్కుమన్నందుకు దిగిపోయి, ఇక దగ్గరికి రావడం లేదు. పలక నేల మీదే ఉంది, ఎత్తు కూడా లేదు. మళ్లీ ఆగస్టు నాటికి వెళ్లిపోయామేమోనని మనసు బాధపడుతోంది.


ఆమదాలవలస_హ్యాండ్లర్
నవంబరు 3

వెళ్లిపోలేదమ్మా. ఈ వయసులో కుక్కలకు ఇలాంటి దశ వస్తుంది. నిన్నటిదాకా లెక్కచేయనివాటికి ఈరోజు ఉలిక్కిపడతాయి. ఒక వారం ఏ వస్తువూ లేకుండా నడక, చెట్టు, వెతుకులాట మాత్రమే చేయించండి.

తరువాత చప్పుడునూ కదలికనూ విడదీయండి. రెండూ ఒకేసారి వచ్చినందుకు అది భయపడింది. చప్పుడు కోసం, చుక్క అన్నం తింటున్నప్పుడు పదిహేను అడుగుల దూరంలో మీ అబ్బాయి ఒక చెక్కముక్కను మెల్లగా నేల మీద పడేయాలి. తినడం ఆపి తల ఎత్తిందంటే దూరం చాలలేదన్నమాట. కదలిక కోసం, రైసు మిల్లులో ఊక దొరుకుతుంది కదా, గోనె బస్తా సగం నింపి పలక ఒక చివర కింద పెట్టండి. ఎక్కితే పలక మెత్తగా దిగుతుంది, చప్పుడు రాదు. అది నాలుగు కాళ్లతో ఎక్కి, తోక వదులుగా ఉంచి నిలబడగలిగిన రోజు నుంచి, బస్తాలోని ఊక కొంచెం కొంచెంగా తీస్తూ రండి. పలక నేలకు దగ్గరయ్యేకొద్దీ చప్పుడు తనంతట తానే మెల్లగా మొదలవుతుంది. కుక్క నడుస్తుంటే అవతలి చివర కిందికి దిగే తూగుడుబల్లకు ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు.

పలక దిగే చోట, వెనక కాళ్లు పలక మీద, ముందరి కాళ్లు నేల మీద ఉంచి ఆగడం ఇప్పుడే నేర్పండి. పీట పాఠం వచ్చిన కుక్కకు ఇది తేలిక. పోటీలో ఆ రంగు భాగం 90 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది, హుషారు కుక్కలు దాన్ని ఒక్క గెంతులో దాటేస్తాయి. నేల మీద ప్లాస్టిక్ డబ్బా మూత ఒకటి పెట్టి, ముక్కుతో దాన్ని "ముట్టు" అంటే కిందికి వంగి ఆగుతుంది.


నెల్లిమర్ల_బ్రూనో
నవంబరు 5

మొదట్లో నేను రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. మాస్టారి జవాబు చదివిన తరువాత బ్రూనోను జాగ్రత్తగా గమనించాను. బల్ల ఎక్కుతాడు గాని చెవులు వెనక్కి పెట్టుకుని, పొట్ట పలకకు ఆనించి, మధ్యలో ఎక్కడా ఆగకుండా దూకి పారిపోతాడు. అది ధైర్యమని నేను ఇన్నాళ్లు అనుకున్నాను. వాడికి ఇప్పుడు నాలుగేళ్లు. ఊక బస్తాతో మొదటి నుంచి మొదలుపెట్టాను, గొలుసు వేయడం లేదు. నిన్న మొదటిసారి పలక మీద నిలబడి నా చేతిలోని ముక్క నెమ్మదిగా తిన్నాడు.


జీడితోట_పలాస
నవంబరు 6

అక్కా, వీవ్ కర్రల గురించి అడగకముందే ఒక మాట. పోటీలో 12 కర్రలు, ఒకదానికొకటి 60 సెంటీమీటర్ల దూరంలో ఒకే వరుసలో ఉంటాయి. ఇప్పుడు అలా పాతకండి. ఆరు సరుగుడు కర్రలు తెచ్చి రెండు వరుసలుగా, మధ్యలో చుక్క నేరుగా పరుగెత్తేంత సందు వదిలి పాతండి. మొదటి కర్ర ఎప్పుడూ తన ఎడమ భుజం పక్కన ఉండేలా లోపలికి వెళ్లడం ఒక్కటే దీనిలో నేర్చుకోవాలి. వరుసలను దగ్గరికి జరపడం ఏడాదిన్నర వయసు వచ్చాక చూసుకోవచ్చు. కర్రలు మనిషి నడుము ఎత్తు చాలు, కొసలు మాత్రం నున్నగా చెక్కండి.


తోటపాలెం_చుక్క
డిసెంబరు 28

చుక్కకు 13 నెలలు దాటాయి. బరువు 15 కిలోలు, పక్కటెముకలు చేతికి తగులుతున్నాయి, కంటికి కనబడటం లేదు. ఇది సరైన ఒళ్లేనని డాక్టరు గారు చెప్పారు.

ఈరోజు తోటలో ఒక చిన్న వరుస చేయించాము. మంచు ఇంకా విడలేదు, గడ్డి తడిగా ఉందని ముందు నేనే పరుగెత్తి చూసి, జారే చోటు వదిలి సామాను జరిపాము. బారు మణికట్టు ఎత్తులో ఒకటి, ఆ తరువాత ఎడమకు తిరిగి సొరంగం, దాని నుంచి బయటికి రాగానే మామిడిమొక్క చుట్టూ మలుపు, చివర నేల మీది పలక. ఆగస్టులో దాన్ని పడగొట్టిన పైపునే నీలం టేపు చుట్టి బారుగా పెట్టాము. అటక మీది నుంచి దించి నెల అయింది. మొదటి వారం దాన్ని గడ్డిలో ఊరికే పడేసి, చుట్టూ కోడిగుడ్డు ముక్కలు చల్లాము. రెండో వారం దాని మీదుగా నడిచింది. మూడో వారం దాన్ని చూడటం కూడా మానేసింది.

"ఆగు" అని ఆరు అడుగులు ముందుకు వెళ్లి నిలబడ్డాను. చుక్క ఒళ్లు ముందుకు వంగింది, ముందరి కాళ్ల వేళ్లు గడ్డిలో బిగిశాయి, అయినా కదలలేదు. "పద, హప్" అనగానే బారు మీదుగా వచ్చింది, పైపు కదలలేదు. ఎడమ భుజం తిప్పాను. నేను "దూరు" అనేలోపే సొరంగంలో ఉంది. మా అబ్బాయి అవతల పక్క నుంచి మొక్క వైపు పరుగెత్తాడు, వాడికి కుడి పక్కగా వచ్చి, మొక్కను చుట్టి, పలక మీద నాలుగు అడుగులు వేసి, ముందరి కాళ్లు గడ్డిలో, వెనక కాళ్లు గోనె మీద పెట్టి, మూతను ముక్కుతో ముట్టి ఆగింది. రెండోసారి చేయిద్దామని మా అబ్బాయి అడిగాడు. వద్దని చెప్పి, చేతిలో ఉన్న ముక్కలన్నీ గడ్డిలో చల్లేశాను.

తూగుడుబల్ల దగ్గర మాత్రం ఇంకా పని ఉంది. బస్తాలో సగం ఊక తీసేశాము, పలక నేలకు రెండు అంగుళాల దాకా దిగుతోంది, చప్పుడు చిన్నగా వినబడుతోంది. చెవి ఒకటి వెనక్కి తిప్పుతోంది గాని దిగిపోవడం లేదు. మాస్టారూ, ఆ చెవి ముందుకు వచ్చేవరకు ఇక్కడే ఆగాలా, ఇంకా తీయవచ్చా?


ఆమదాలవలస_హ్యాండ్లర్
డిసెంబరు 28

ఆగండమ్మా. ఆ చెవి ముందుకు వచ్చి, మూడు రోజులు వరసగా అలాగే ఉన్నాక, రెండు దోసిళ్లు తీయండి.